చిన్న వ్యాపారం సైట్‌లో ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్ బుకింగ్: ఏ టూల్ పెట్టుకోవాలి?

వెన్నుపూస · సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మాది చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. నేను, ఇంకో థెరపిస్ట్, ఇద్దరమే. వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సైట్ ఒకటి ఉంది, అందులో "సంప్రదించండి" ఫారం ఉంది. జనం ఫారం నింపుతారు. నేను ఫోన్ చేస్తే వాళ్లు ఎత్తరు. వాళ్లు చేసేసరికి నేను పేషెంట్ దగ్గర ఉంటాను. ఒక్క అపాయింట్‌మెంట్ కుదరడానికి మూడు నాలుగు ఫోన్లు. అందుకే ఖాళీ టైమ్ చూసుకుని సైట్‌లోనే బుక్ చేసుకునేలా పెడదామనుకుంటున్నాను.

వెతికితే క్యాలెండ్లీ, అక్యూటీ, సెట్‌మోర్, సింప్లీబుక్, స్క్వేర్, క్యాల్ డాట్ కామ్, వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే ప్లగిన్లలో అమీలియా, బుక్లీ... తల తిరిగిపోయింది. అన్ని సైట్లలోనూ అవే మాటలు, అవే నవ్వు ముఖాల ఫొటోలు.

నాకు కావాల్సింది ఇంతే: ఇద్దరికీ వేర్వేరు టైమింగ్స్, మొదటిసారి వచ్చేవాళ్లకి 60 నిమిషాలు, తర్వాత నుంచి 30, ముందురోజు గుర్తుచేసే మెసేజ్. ఏది మంచిది?

దువ్వెన · సోమవారం, ఉదయం 10:05

"ఏది మంచిది" అంటే ఇక్కడ పదిమంది పది పేర్లు చెప్తారండి. నేను సెలూన్ నడుపుతాను, నాలుగేళ్లలో మూడు మార్చాను. మొదటిది ఫ్రీ అని తీసుకున్నా. ఫ్రీయే, కాదనను. కానీ బుకింగ్ పేజీ అడుగున "మీ దగ్గర్లోని మరికొన్ని సెలూన్లు" అని వరస వచ్చేది. నా కస్టమర్‌ని నా సైట్ నుంచి తీసుకెళ్లి పక్కవాళ్లని చూపిస్తోంది! నాకు ఆరు నెలలు తెలియదు. ఒక కస్టమరే చెప్పింది.

ఫ్రీ అన్నచోట వాళ్లకి డబ్బు ఎటునుంచి వస్తోందో ముందు చూడండి. కొందరు కార్డ్ పేమెంట్‌లో కోత పెడతారు, కొందరు కొత్త కస్టమర్‌కి ఇంత అని కమీషన్ తీసుకుంటారు, కొందరు ఎస్సెమ్మెస్‌ల మీద వసూలు చేస్తారు. ఏదీ తప్పు కాదు, ముందే తెలిస్తే చాలు.

పాతకోడర్ · సోమవారం, ఉదయం 11:20

వెన్నుపూస గారూ, పేర్ల కంటే ముందు ఒక తేడా గమనించండి. ఈ టూల్స్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి మీటింగ్ కోసం పుట్టినవి, ఇంకోటి సర్వీస్ కోసం పుట్టినవి.

క్యాలెండ్లీ 2013లో వచ్చింది. "మనం ఎప్పుడు మాట్లాడుకుందాం" అని పది ఈమెయిళ్లు తిరగడాన్ని ఆపడమే దాని పని. అక్కడ ముఖ్యమైనది ఒక మనిషి క్యాలెండర్. అక్యూటీ అంతకంటే పాతది, 2006 నాటిది, 2019లో స్క్వేర్‌స్పేస్ కొనుక్కుంది. దాంట్లో ముఖ్యమైనది సర్వీస్: ఏ పని, ఎంతసేపు, ఎవరు చేస్తారు, డబ్బు ముందా తర్వాతా. ఇప్పుడు ఒకదాని ఫీచర్లు ఇంకోటి తెచ్చుకుంది కానీ పుట్టుక బుద్ధులు పోవు. సెట్టింగ్స్ తెరిస్తే మొదటి స్క్రీన్‌లోనే తెలిసిపోతుంది. "ఈవెంట్" అని అడిగితే మొదటి రకం, "సర్వీస్, స్టాఫ్" అని అడిగితే రెండోది. మీకు రెండోదే కావాలి.

ఇక ఒక ప్రశ్న. మీ ఇద్దరూ ఒకే టైమ్‌లో ఇద్దరు పేషెంట్లని చూడగలరా? గదులు, బెడ్లు, మిషన్లు అన్నీ రెండేసి ఉన్నాయా?

వెన్నుపూస · సోమవారం, మధ్యాహ్నం 1:15

బెడ్లు రెండున్నాయి. అల్ట్రాసౌండ్ మిషన్ మాత్రం ఒక్కటే! ఇప్పటిదాకా ఫోన్లో టైమ్ ఇచ్చేటప్పుడు అది నా బుర్రలోనే ఉండేది. ఇద్దరం ఒకేసారి వాడాల్సి రాకుండా నేనే అటూ ఇటూ జరిపేదాన్ని. దీన్ని సాఫ్ట్‌వేర్‌కి ఎలా చెప్తారు?

పాతకోడర్ · సోమవారం, మధ్యాహ్నం 1:50

అదే నేను భయపడింది. దాన్ని "రిసోర్స్" అంటారు. స్టాఫ్ ఖాళీగా ఉంటే సరిపోదు, ఆ వస్తువు కూడా ఖాళీగా ఉంటేనే ఆ టైమ్ చూపించాలి. సింప్లీబుక్‌లో, అమీలియాలో ఇది ఉంది. చాలా టూల్స్‌లో ఉండదు, ఉన్నా పై ప్లాన్‌లో పెడతారు. ట్రయల్ తీసుకోగానే మొట్టమొదట పరీక్షించాల్సింది ఇదే. రెండు బ్రౌజర్లు తెరవండి. ఒకదాంట్లో మీ పేరు మీద 10 గంటలకి అల్ట్రాసౌండ్ సెషన్ బుక్ చేయండి. రెండోదాంట్లో మీ సహోద్యోగి పేరు మీద అదే సెషన్ అదే టైమ్‌కి కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే ఆ టూల్ మీకు పనికిరాదు, మిగతా ఫీచర్లు ఎన్నున్నా సరే.

ఇంకా మీ బుర్రలో ఉన్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య బెడ్ మార్చడానికి ఎంతసేపు? అరగంట ముందు ఎవరైనా బుక్ చేస్తే మీరు సిద్ధమేనా? ఎన్ని వారాల ముందుదాకా క్యాలెండర్ తెరిచి పెడతారు? ఎప్పటిలోగా క్యాన్సిల్ చేయొచ్చు? ఇవి తేలకుండా టూల్ కొంటే, ఎవరో ప్రోగ్రామర్ పెట్టిన డీఫాల్టులే మీ క్లినిక్ రూల్స్ అయిపోతాయి.

ఫోన్‌చాలు · సోమవారం, సాయంత్రం 5:30

ఇదంతా అవసరమా అండీ? నడుం నొప్పితో ఉన్న పెద్దాయన ఆరు స్క్రీన్లు నొక్కి టైమ్ బుక్ చేస్తాడా? మా దగ్గర ఒక నోట్‌బుక్, ఒక ఫోన్. ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. డబుల్ బుకింగ్ ఒక్కసారి కూడా కాలేదు.

దువ్వెన · సోమవారం, సాయంత్రం 5:52

మీ నోట్‌బుక్ రాత్రి పదకొండింటికి ఫోనెత్తుతుందా 🙂 నాకు బుకింగ్‌లు ఎక్కువగా వచ్చేది షాపు మూసేశాకే.

పాతకోడర్ · సోమవారం, సాయంత్రం 6:10

నవ్వులాటకి కాదు గానీ, ఫోన్‌చాలు గారి మాటలో అసలు విషయం ఉంది. నోట్‌బుక్‌లో డబుల్ బుకింగ్ ఎందుకు కాదంటే నోట్‌బుక్ ఒక్కటే కాబట్టి. పెన్నూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆన్‌లైన్ పెట్టాక కూడా ఫోన్లు వస్తాయి, రావాలి కూడా. గొడవ ఎప్పుడు వస్తుందంటే, ఫోన్ బుకింగ్ నోట్‌బుక్‌లో, ఆన్‌లైన్ బుకింగ్ టూల్‌లో, మీ సొంత పనులు మొబైల్ క్యాలెండర్‌లో ఉన్నప్పుడు. ఫోన్‌లో అడిగినవాళ్లని కూడా మీరే టూల్‌లో ఎక్కించాలి. అది 20 సెకన్లలో అయ్యేలా ఉండాలి, లేదంటే మూడోరోజుకే మళ్లీ నోట్‌బుక్ బయటికొస్తుంది.

సర్వర్‌గది · సోమవారం, రాత్రి 9:15

ప్లగిన్ వైపు మొగ్గేవాళ్ల కోసం చెప్తున్నాను. నెలవారీ బిల్లు ఉండదు, డేటా మీ దగ్గరే ఉంటుంది, నిజమే. కానీ అప్పటిదాకా ఆ టూల్ కంపెనీ పడే తిప్పలన్నీ ఇక మీవి.

రిమైండర్లు చూడండి. వర్డ్‌ప్రెస్‌కి నిజమైన గడియారం లేదు. డబ్ల్యూపీ-క్రాన్ అనేది సైట్‌కి ఎవరైనా వచ్చినప్పుడే నిద్రలేచి, "టైమ్ దాటిన పనులేమైనా ఉన్నాయా" అని చూస్తుంది. చిన్న సైట్‌కి రాత్రంతా ఎవరూ రాకపోతే ఉదయం 7కి వెళ్లాల్సిన రిమైండర్ 10:30కి మొదటి విజిటర్ వచ్చాక వెళ్తుంది. అప్పటికి పేషెంట్ రావాల్సిన టైమ్ దాటిపోయుంటుంది. నా క్లయింట్ ఒకాయన ప్లగిన్ పాడైందని రెండు వారాలు దాన్ని తిట్టుకున్నాడు. ప్లగిన్ తప్పు కాదు. హోస్టింగ్ ప్యానెల్‌లో అసలైన క్రాన్ జాబ్ (సర్వరే టైమ్‌కి నడిపే పని) పెట్టి, అది ఐదు నిమిషాలకోసారి డబ్ల్యూపీ-క్రాన్ ఫైల్‌ని పిలిచేలా చేసి, కాన్ఫిగ్ ఫైల్‌లో వర్డ్‌ప్రెస్ సొంతంగా క్రాన్ నడపడాన్ని ఆపేస్తే సరిపోయింది.

ఇంకోటి క్యాష్, అంటే పేజీ కాపీ దాచి ఉంచడం. పేజీ స్పీడ్ కోసం క్యాషింగ్ ప్లగిన్ పెడతారు కదా, అది బుకింగ్ పేజీని కూడా దాచిపెట్టి పాత కాపీ ఇస్తుంది. ఫారంలో ఉండే నాన్స్ అనే టోకెన్ (ఫారం అసలైనదేనా అని చూసుకునే గుర్తు) వర్డ్‌ప్రెస్‌లో 24 గంటలకి మించి బతకదు. పాత పేజీ చూసినవాళ్లు టైమ్ ఎంచుకుంటారు, పేరు రాస్తారు, చివర్లో బటన్ నొక్కితే ఎర్రర్. మీరు టెస్ట్ చేస్తే మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే లాగిన్ అయి ఉన్నవాళ్లకి సాధారణంగా క్యాష్ పేజీ రాదు. బుకింగ్ పేజీని క్యాష్ నుంచి తప్పించండి, టెస్ట్ ఎప్పుడూ లాగవుట్ అయి చేయండి.

మెయిల్ సంగతి: హోస్టింగ్ నుంచి నేరుగా పంపితే చాలావరకు స్పామ్‌లోకే. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి తనకి మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చూపే గుర్తింపులు) ఉండాలంటోంది. రెండూ పెట్టండి, ఒక ఎస్ఎంటీపీ సర్వీస్ (మెయిళ్లు పంపిపెట్టే సేవ) ద్వారా పంపండి.

గిటార్‌మాస్టారు · మంగళవారం, ఉదయం 7:05

నాకూ ఈ థ్రెడ్ ఉపయోగపడుతోంది. నేను ఆన్‌లైన్‌లో గిటార్ నేర్పుతాను, స్టూడెంట్లు రకరకాల దేశాల్లో ఉన్నారు. మొన్న మార్చిలో అమెరికా నుంచి ఒక అబ్బాయి గంట ముందే వచ్చి కూర్చున్నాడు, యూరప్ పిల్లలు మాత్రం సరిగ్గా టైమ్‌కే వచ్చారు. మళ్లీ కొన్ని వారాలకి యూరప్‌వాళ్లు ముందొచ్చారు. నేను ఏమీ మార్చలేదు!

పాతకోడర్ · మంగళవారం, ఉదయం 8:30

మీరు మార్చలేదు మాస్టారూ, వాళ్లు గడియారం మార్చారు. అమెరికాలో మార్చి నెల రెండో ఆదివారం వేసవి కోసం గడియారాన్ని గంట ముందుకి జరుపుతారు, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు లెక్క తేడాగా ఉంటుంది. తిరిగి వెనక్కి జరిపేటప్పుడు కూడా యూరప్‌ది అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాది నవంబర్ మొదటి ఆదివారం. మీ గడియారం మారకపోతే వాళ్ల గడియారంలో క్లాస్ టైమ్ గంట మారాల్సిందే. ఆ అబ్బాయి గోడ గడియారాన్ని నమ్మాడా, లేక టూల్ పాత టైమే చూపించిందా, అది తేల్చుకోండి.

టూల్‌లో "టైమ్ జోన్: యూటీసీ ప్లస్ ఇంత" అని ప్రపంచ ప్రామాణిక టైమ్‌కి తేడా చెప్పే అంకె కాకుండా నగరం పేరు ఎంచుకోండి. వర్డ్‌ప్రెస్ జనరల్ సెట్టింగ్స్‌లో కూడా ఇదే. అంకెకి గడియారాలు మార్చడం తెలియదు, నగరానికి తెలుసు. స్టూడెంట్ చూసే పేజీలో టైమ్ పక్కనే "మీ టైమ్ ప్రకారం" అని జోన్ పేరు కనిపించాలి. కన్ఫర్మేషన్ మెయిల్‌లో .ఐసీఎస్ ఫైల్ (క్యాలెండర్‌లో నేరుగా చేరేది) జతచేస్తే ఇంకా మంచిది, వాళ్ల ఫోన్ క్యాలెండరే లెక్క చూసుకుంటుంది.

వెన్నుపూస · గురువారం, రాత్రి 8:45

అప్‌డేట్. ప్లగిన్ నా వల్ల కాదనిపించి, సర్వర్‌గది గారి పోస్ట్ చదివాక ధైర్యం పూర్తిగా పోయి 🙂 హోస్టెడ్ టూల్ (కంపెనీ సర్వర్‌లోనే నడిచేది) ఒకటి ట్రయల్ తీసుకున్నాను. మిషన్ పరీక్ష పాసైంది. మొబైల్ క్యాలెండర్‌తో కలిపాను. బుధవారం నుంచి నలుగురైదుగురు తెలిసిన పేషెంట్లకి లింక్ ఇచ్చాను.

ఈరోజు గోల. వచ్చే మంగళవారం నేను సెలవు. క్యాలెండర్‌లో రోజంతా "సెలవు" అని పెట్టుకున్నాను. అయినా ఆ రోజుకి ఇద్దరు బుక్ చేసుకున్నారు. క్షమాపణ చెప్పి మార్చేసరికి ఒకటే టెన్షన్. సింక్ పనిచేయట్లేదా?

పాతకోడర్ · గురువారం, రాత్రి 9:00

సింక్ పనిచేస్తోంది. ఆ సెలవు ఈవెంట్ తెరిచి చూడండి, "బిజీ" అని ఉందా, "ఫ్రీ" అని ఉందా?

వెన్నుపూస · గురువారం, రాత్రి 9:04

ఫ్రీ అని ఉంది!! నేను పెట్టలేదే.

పాతకోడర్ · గురువారం, రాత్రి 9:20

మీరు పెట్టక్కర్లేదు. గూగుల్ క్యాలెండర్ లాంటి వాటిలో రోజంతా ఉండే ఈవెంట్లు మామూలుగా "ఫ్రీ"గానే పుడతాయి. పుట్టినరోజులూ పండగలూ కూడా రోజంతా ఈవెంట్లే కదా, వాటన్నింటికీ మీరు బిజీ అయితే కష్టం. బుకింగ్ టూల్ మీ ఈవెంట్ పేరు చదవదు, బిజీనా ఫ్రీనా అన్నదొక్కటే అడుగుతుంది. దాన్ని బిజీకి మార్చండి. ఇంకా మేలు, సెలవులు టూల్‌లోనే పెట్టండి.

పనిలోపనిగా మీరు క్యాలెండర్‌ని ఎలా కలిపారో కూడా చూడండి. అకౌంట్‌తో లాగిన్ అయి అనుమతి ఇచ్చారా, లేక .ఐసీఎస్ లింక్ కాపీ చేసి అతికించారా? రెండోది అయితే అది ఒకవైపే నడుస్తుంది, అదీ తాపీగా. అవతలివాళ్లు ఎప్పుడు వచ్చి ఆ ఫైల్ మళ్లీ చదివితే అప్పుడే మార్పు తెలుస్తుంది, గంటలు పట్టొచ్చు. ఆ ఫార్మాట్ 1998 నాటిది, 2009లో సవరించారు. క్యాలెండర్ సమాచారం ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడానికి చేసింది, ఇద్దరు ఒకే నిమిషంలో పోటీపడే సీటు కాపలా కాయడానికి కాదు.

కొత్తసైట్ · గురువారం, రాత్రి 10:10

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఇద్దరు నిజంగా ఒకే సెకనులో బుక్ చేస్తే ఏమవుతుంది? నేను బుకింగ్ ప్రోగ్రామ్ సొంతంగా పీహెచ్‌పీ భాషలో రాసుకుంటున్నాను.

పాతకోడర్ · గురువారం, రాత్రి 10:40

"ఖాళీ ఉందా అని చూడు, ఉంటే రాయి" అని రెండు అడుగుల్లో రాస్తే ఇద్దరికీ ఖాళీ కనిపిస్తుంది, ఇద్దరూ రాస్తారు. చూడటం, రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో (విడదీయని ఒకే పనిగా), తాళం వేసి జరగాలి. ప్రారంభ సమయం మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండోసారి రాకుండా ఆపేది) పెడితే చాలనుకుంటారు. చాలదు. 10:00కి గంట సెషన్, 10:30కి అరగంట సెషన్: ప్రారంభాలు వేరు, కానీ గుద్దుకుంటాయి. కొత్తది మొదలయ్యేది పాతది ముగిసేలోపు, పాతది మొదలయ్యేది కొత్తది ముగిసేలోపు, ఈ రెండూ నిజమైతే ఢీకొన్నట్టే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ (గుద్దుకునేవాటిని తిరస్కరించే నియమం) పెట్టి డేటాబేస్‌కే ఆ పని అప్పగించొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అది లేదు, ఆ స్టాఫ్ వరుసని లాక్ చేసి చెక్ చేసుకోవాలి.

అయినా ఎందుకు రాయడం? ఈజీ అపాయింట్‌మెంట్స్ అని ఓపెన్ సోర్స్‌ది ఉంది, పీహెచ్‌పీయే. ముందు దాని కోడ్ చదవండి.

మితభాషి · శుక్రవారం, ఉదయం 6:50

వెన్నుపూస గారూ, మీ ట్రయల్ పేజీ చూశాను (లింక్ మీ ప్రొఫైల్‌లో ఉంది). ఫారంలో "మీ సమస్య వివరంగా రాయండి", "వాడుతున్న మందులు" అని తప్పనిసరి గడులు పెట్టారు. తీసేయండి. అవి ఆరోగ్య సమాచారం. వేరే కంపెనీ సర్వర్‌లో ఉంటాయి, కన్ఫర్మేషన్ మెయిల్‌లో కాపీ వెళ్తుంది, క్యాలెండర్ సింక్‌తో మీ ఫోన్ లాక్ స్క్రీన్ మీద కూడా మెరుస్తాయి. చాలా దేశాల చట్టాల్లో ఇలాంటి డేటాకి విడిగా కట్టుబాట్లున్నాయి. యూరప్ డేటా చట్టం జీడీపీఆర్‌లో ప్రత్యేక వర్గమే ఉంది. టైమ్ ఇవ్వడానికి పేరు, ఫోన్, ఈమెయిల్, కొత్తా పాతా, ఇవి చాలు. మిగతావి వచ్చాక మీరే అడుగుతారు కదా.

మొబైల్‌లో ఇంకో సమస్య. బుకింగ్ విడ్జెట్‌ని ఐఫ్రేమ్‌లో (పేజీలో ఇంకో పేజీని చూపే చట్రం) పెట్టారు, పేజీ ఒక స్క్రోల్, లోపల క్యాలెండర్ ఇంకో స్క్రోల్. వేలు ఎక్కడ పెట్టినా రెండోదే కదులుతోంది. "కన్ఫర్మ్" బటన్ నాకు కనపడనే లేదు. మొబైల్‌లో విడ్జెట్ బదులు మామూలు బటన్ పెట్టి టూల్ సొంత పేజీకి పంపండి.

వెన్నుపూస · శుక్రవారం, ఉదయం 9:10

అయ్యో, మందుల గడి నేనే గొప్ప తెలివనుకుని పెట్టాను. తీసేశాను. బటన్ కూడా పెట్టాను. థాంక్స్ అండి.

బుక్ చేసి రానివాళ్ల సంగతి? ముందే డబ్బు తీసుకోవాలా?

దువ్వెన · శుక్రవారం, ఉదయం 11:00

నేను అందరి దగ్గరా అడ్వాన్స్ పెట్టి నెలలోపే తీసేశాను. రానివాళ్లు తగ్గారు, వచ్చేవాళ్లూ తగ్గారు. ఇప్పుడు రెండు గంటలు పట్టే పనులకి, ఇదివరకు రెండుసార్లు ఎగ్గొట్టినవాళ్లకి మాత్రమే. అన్నిటికంటే నాకు పనిచేసింది రిమైండర్‌లో "మార్చుకోండి" లింక్. రానివాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కాదండీ, ఫోన్ చేసి "రాలేను" అనడానికి మొహమాటం. లింక్ నొక్కడానికి మొహమాటం ఉండదు. క్యాన్సిల్ కంటే "వేరే టైమ్" బటన్ పెద్దదిగా పెట్టండి. రిమైండర్ ముందురోజు సాయంత్రం పంపితే ఆ ఖాళీ ఇంకొకరికి ఇవ్వడానికి నాకు టైమ్ ఉంటోంది. రెండు గంటల ముందు పంపేది మర్చిపోకుండా ఉండటానికే, ఖాళీ నింపుకోవడానికి కాదు.

సర్వర్‌గది · శుక్రవారం, ఉదయం 11:25

అడ్వాన్స్ పెడితే ఒకటి చూసుకోండి. పేమెంట్ పేజీకి వెళ్లి మధ్యలో వదిలేసినవాళ్ల టైమ్ ఎంతసేపు పట్టి ఉంచుతుంది? 10, 15 నిమిషాలకి వదిలేయాలి. వదలకపోతే క్యాలెండర్ అంతా నిండినట్టు కనిపిస్తుంది, క్లినిక్‌లో మాత్రం ఎవరూ ఉండరు.

ఫోన్‌చాలు · శుక్రవారం, సాయంత్రం 4:40

నోట్‌బుక్‌లో ఈ బాధ లేదు. ఊరికే గుర్తుచేస్తున్నా.

వెన్నుపూస · మూడో వారం, శనివారం, మధ్యాహ్నం 2:20

ఆలస్యంగా అప్‌డేట్ ఇస్తున్నాను. సైట్‌లో అందరికీ తెరిచేశాం. ఫోన్లు ఆగలేదు కానీ రకం మారింది. ఇప్పుడు చేసేవాళ్లు నిజంగా మాట్లాడాల్సినవాళ్లే. పెద్దవాళ్లకి ఫోన్‌లోనే టైమ్ ఇచ్చి నేనే ఎక్కిస్తున్నాను. సెషన్ల మధ్య 10 నిమిషాల గ్యాప్ పెట్టాక మధ్యాహ్నానికి లేటవడం తగ్గింది, ఇన్నాళ్లూ ఆ గ్యాప్ లేకుండా ఎలా నెట్టుకొచ్చామో. ఒక చికాకు మిగిలింది: మొదటిసారి వచ్చేవాళ్లు కూడా 30 నిమిషాలదే ఎంచుకుంటున్నారు. "ఫాలో-అప్" అని పేరు పెట్టాను, అది వాళ్లకి అర్థం కావట్లేదనుకుంటా.

మితభాషి · శనివారం, మధ్యాహ్నం 3:05

"మా దగ్గరికి మొదటిసారి వస్తున్నాను" / "ఇంతకుముందు వచ్చాను" అని పెట్టండి. నిమిషాలు చూపించకండి. నిమిషాలు కనిపిస్తే తక్కువదే నొక్కుతారు.

పాతకోడర్ · శనివారం, మధ్యాహ్నం 3:30

ట్రయల్ అయిపోకముందే డేటా ఎక్స్‌పోర్ట్ చేసి చూశారా? రేపు టూల్ మార్చాల్సి వస్తే చేతికి ఏమొస్తుందో ఇప్పుడే తెలియాలి.

వెన్నుపూస · శనివారం, మధ్యాహ్నం 3:55

మితభాషి గారూ, పేర్లు మార్చేశాను. ఎక్స్‌పోర్ట్ ఇప్పుడే చేశాను, సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) వచ్చింది. కానీ ఫోన్ నంబర్లలో ముందున్న సున్నాలు పోయాయి, ప్లస్ గుర్తు కూడా లేదు. డేటా పాడైందా?

పాతకోడర్ · శనివారం, సాయంత్రం 4:02

ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచారు కదూ? ఫైల్‌లో నంబర్లు సరిగ్గానే ఉండుంటాయి, ఎక్సెల్ వాటిని అంకెలనుకుని సున్నాలు కొట్టేస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ఎక్సెలే కావాలంటే డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పండి. ఇప్పుడు తెరిచినదాన్ని మాత్రం సేవ్ చేయకండి.

వెన్నుపూస · శనివారం, సాయంత్రం 4:06

సేవ్ చేసేశాను 🙂 మళ్లీ డౌన్‌లోడ్ చేస్తున్నా.